రోజూ పోస్టులు పెడుతున్నా ఆర్డర్లు లేవు, సోషల్ మీడియా వల్ల వ్యాపారానికి నిజంగా లాభం ఉందా?

సంచుల_సుజాత:
ఏడాదిన్నరగా గుడ్డ సంచులు, ల్యాప్‌టాప్ బ్యాగులు కుట్టి అమ్ముతున్నాను. మొదలుపెట్టిన రోజు నుంచి అందరూ చెప్పింది ఒకటే, పేజీ పెట్టు, రోజూ ఏదో ఒకటి పోస్ట్ చెయ్యి, జనం వాళ్లే వస్తారు అని. అలాగే చేశాను. ఒక్క రోజు మానలేదు, జ్వరం వచ్చినప్పుడు కూడా పాత ఫొటో వెతికి పెట్టాను. ఫాలోవర్లు తొమ్మిది వేలు దాటారు. లైకులు బాగానే వస్తాయి, "సూపర్", "ఫినిషింగ్ అదిరింది" అని కామెంట్లు వస్తాయి. ఆర్డర్లు మాత్రం నెలకి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫొటోలు తీయడం, వాటిని సరిచేయడం, రాయడం, జవాబులివ్వడం అన్నీ కలిపి రోజుకి రెండు గంటలు పోతోంది. ఆ రెండు గంటలు మిషన్ మీద కూర్చుంటే ఇంకో బ్యాగు సగమైనా పూర్తవుతుంది. మానేద్దామంటే ఉన్న కొద్దిమంది కస్టమర్లు కూడా పోతారేమోనని టెన్షన్. కొనసాగిద్దామంటే ఓపిక అయిపోయింది. సొంతంగా వ్యాపారం చేసేవాళ్లు ఉంటే నిజం చెప్పండి, దీనివల్ల మీకు డబ్బులు వచ్చాయా? లైకులు కాదు, డబ్బులు.

పంపుల_బాబాయ్:
నాకు రాలేదమ్మా. నీటి మోటార్ల విడిభాగాలు సప్లై చేస్తాను, కొనేది మెకానిక్కులు. మోటారు ఆగిపోయిన రోజు మెకానిక్ రీల్స్ చూస్తూ కూర్చోడు, తెలిసిన నంబరుకి ఫోన్ కొడతాడు. మా అబ్బాయి పట్టుబట్టి పేజీ పెట్టించాడు, ఆరు నెలలు బేరింగుల ఫొటోలు పెట్టాం, ఆ తర్వాత మానేశాం. పెట్టినప్పుడు అమ్మకాలు పెరగలేదు, మానేసినప్పుడు తగ్గలేదు.

రాత్రిపక్షి:
చిన్న వ్యాపారాలకు ఆన్‌లైన్ ప్రకటనలు నడపడం నా పని, కాబట్టి నేను చెప్పేదాంట్లో నా లాభం కూడా ఉందని ముందే చెప్పేస్తున్నా.

"రోజూ పోస్ట్ చెయ్యి, జనం వస్తారు" అన్న మాట ఒకప్పుడు నిజమే. ఫేస్‌బుక్ 2007లో వ్యాపారాల కోసం పేజీలు తెచ్చింది, ఆ రోజుల్లో పేజీని లైక్ చేసినవాళ్లకి మన పోస్టులు బాగానే కనిపించేవి. తర్వాత పేజీలు కుప్పలుగా పెరిగాయి, మనిషికి రోజులో ఉన్న గంటలు మాత్రం అవే. 2016లో ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్ని వచ్చిన వరుసలో చూపించడం మానేసి, ఎవరికి ఏది నచ్చుతుందో తానే అంచనా వేసి చూపించడం మొదలుపెట్టింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ సూటిగానే ప్రకటించింది, ఇకమీదట స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకే ముందు చోటు, వ్యాపారాల పోస్టులు తక్కువ కనిపిస్తాయి అని. అందుకని తొమ్మిది వేల మంది ఫాలోవర్లు ఉంటే తొమ్మిది వేల మందీ చూస్తున్నారనుకోవద్దు. డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వకుండా అమ్మకాలు ఆశించే రోజులు పోయాయండి.

మొక్కల_మాలతి:
దీనికి నేను ఒప్పుకోను. ప్రకటనలకి నేను ఇంతవరకు ఏమీ పెట్టలేదు, నా విత్తనాల అమ్మకంలో పెద్ద భాగం యూట్యూబ్ నుంచే వస్తోంది. నేను చేసిందల్లా ఒక్కటే, కస్టమర్లు ఫోన్లో అడిగే ప్రశ్నల్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. "ఆకులు పసుపు రంగులోకి ఎందుకు మారుతున్నాయి", "కుండీలో నీళ్లు నిలిచిపోతుంటే ఏం చేయాలి", "మొలక వచ్చి ఎందుకు వాలిపోతోంది". ఒక్కో ప్రశ్నకి ఒక్కో వీడియో. నాలుగేళ్ల కిందట చేసిన వీడియో చూసి ఇవాళ పొద్దున ఒకరు ఫోన్ చేశారు. ఫీడ్‌లో పెట్టిన ఫొటో రెండు రోజుల్లో కిందకి పోతుంది, ఇంకెవరికీ కనపడదు. వెతికితే దొరికే జవాబు మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. సుజాత గారూ, మీరు రోజుకి రెండు గంటలు అంటున్నారు, నేను వారానికి మూడు గంటలు కూడా పెట్టను.

రాత్రిపక్షి:
మాలతి గారు, మొక్కలకి సమస్యలొస్తాయి కాబట్టి జనం వెతుకుతారు. బ్యాగు గురించి ఎవరు ఏం వెతుకుతారు?

మొక్కల_మాలతి:
ఎందుకు వెతకరు? "ఈ సైజు ల్యాప్‌టాప్‌కి ఎంత బ్యాగు కావాలి", "గుడ్డ బ్యాగు వర్షంలో తడిస్తే లోపలికి నీళ్లు వెళ్తాయా", "మిషన్‌లో వేసి ఉతకొచ్చా". నేనైతే కొనేముందు ఈ మూడూ అడుగుతాను.

పంపుల_బాబాయ్:
ఈ నోట్‌బుక్ సంగతి బాగుందే. నాకు రోజుకి పది ఫోన్లు వస్తాయి, పదిలో ఆరు అవే ప్రశ్నలు.

లెక్కల_మాస్టారు:
సుజాత గారి ప్రశ్న "డబ్బులు వచ్చాయా" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆమెకి ఇప్పుడున్న ఆర్డర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలి. అది పోస్టులో ఎక్కడా లేదు. నెలకి వేళ్ల మీద లెక్కపెట్టే ఆర్డర్లు అన్నారు కదా, వాళ్లంతా పేజీ చూసి వచ్చారా, తెలిసినవాళ్లు చెబితే వచ్చారా, మళ్లీ మళ్లీ కొనేవాళ్లా?

చిన్న వ్యాపారానికి దీనికోసం సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఆర్డర్ తీసుకునేటప్పుడు "మా గురించి మీకు ఎలా తెలిసింది" అని ఒక్క మాట అడిగి పుస్తకంలో రాసుకుంటే చాలు. ఇంకాస్త ఓపిక ఉంటే ఒక్కో చోటికి ఒక్కో డిస్కౌంట్ కోడ్ ఇవ్వండి, పేజీలో ఒకటి, వాట్సాప్‌లో ఇంకొకటి, బ్యాగుతో పాటు వేసే కార్డు మీద మరొకటి. ఏ కోడ్ వాడారో చూస్తే ఎక్కడి నుంచి వచ్చారో తెలిసిపోతుంది. వెబ్‌సైట్ ఉంటే లింకు చివర యూటీఎం ట్యాగులు (ఎక్కడ నొక్కి వచ్చారో చెప్పే చిన్న గుర్తులు) పెట్టుకోవచ్చు, అది ఉచితమే.

ప్లాట్‌ఫామ్ చూపించే అంకెలే చూసి మురిసిపోవద్దని మాత్రం గట్టిగా చెబుతా. 2016లో ఫేస్‌బుక్ వాళ్లే ఒప్పుకున్నారు, వీడియోలు సగటున ఎంతసేపు చూశారన్న లెక్క రెండేళ్లుగా ఎక్కువ చూపించామని. మూడు సెకన్లలోపు చూసి వెళ్లిపోయినవాళ్లని ఆ లెక్కలోంచి తీసేశారు, దాంతో సగటు పెరిగిపోయింది. అంత పెద్ద ప్రకటనకర్తలే ఆ అంకెలు నమ్మి బడ్జెట్లు వేసుకున్నారు. మన పుస్తకంలో మన చేత్తో రాసుకున్న లెక్క అంతకంటే నయం.

అచ్చుయంత్రం:
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టైడ్, ఏరియల్ తయారుచేసే పీ అండ్ జీ లాంటి కంపెనీ 2017లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో డిజిటల్ ప్రకటనల్లో 10 కోట్ల డాలర్లకు పైగా కోత పెట్టింది, అమ్మకాల మీద పెద్దగా ప్రభావమేమీ కనిపించలేదని వాళ్లే చెప్పారు. లష్ అనే సౌందర్య సాధనాల కంపెనీ 2021 నవంబరులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ ఖాతాలు ఆపేస్తున్నామని ప్రకటించింది. అంతంత వాళ్లే మానుకుంటుంటే మనకెందుకు ఈ తాపత్రయం అనిపిస్తుంది నాకు.

రాత్రిపక్షి:
ఆ రెండు ఉదాహరణలూ సుజాత గారికి వర్తించవు. పీ అండ్ జీ సబ్బు పేరు ఇప్పటికే ప్రతి ఇంట్లో తెలుసు, ప్రకటన ఆగినా జనం పేరు మరచిపోరు. సుజాత గారి బ్యాగు పేరు ఎవరికి తెలుసు? అసలు తెలియడమే ఇక్కడ సమస్య. పైగా పీ అండ్ జీ ఆపింది పనికిరాని చోట్ల పెట్టే ఖర్చు, ప్రకటనలన్నీ కాదు. లష్ కూడా యువత మానసిక ఆరోగ్యం గురించి ఆలోచించి ఆ నిర్ణయం తీసుకున్నామంది, యూట్యూబ్, ట్విట్టర్‌లలో అప్పుడు కొనసాగింది. వాళ్లకి సొంత షాపులు వందల కొద్దీ ఉన్నాయి. షాపు లేనివాళ్లకి పేజీయే షాపు.

అచ్చుయంత్రం:
సరే, ఆ తేడా ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ పేజీయే షాపు అన్నారు చూడండి, అక్కడే నాకు భయం. ఆ షాపు తాళంచెవి మన దగ్గర ఉండదు.

కెమెరా_కన్ను:
తాళంచెవి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, ఇది రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

పెళ్లిళ్లు, కార్యక్రమాల ఫొటోలు తీస్తాను. ఆరేళ్లు ఒకే ఒక్క ప్లాట్‌ఫామ్ మీద పనంతా పెట్టుకున్నా. వెబ్‌సైట్ లేదు, కస్టమర్ల జాబితా లేదు, ఎవరితో ఏం మాట్లాడినా ఆ మెసేజ్‌లలోనే. ఒకరోజు "మీ పోస్టు కాపీరైట్ నియమాలు ఉల్లంఘించింది, 24 గంటల్లో అభ్యంతరం తెలపకపోతే ఖాతా తొలగిస్తాం" అని మెసేజ్ వచ్చింది, అచ్చం ఆ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. కంగారులో లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చేశా. పది నిమిషాల్లో ఖాతా పోయింది. మెయిల్ ఐడీ, నంబరు రెండూ మార్చేశారు. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోలేదు. తిరిగి తెచ్చుకోవడానికి రెండు నెలలు తిరిగాను, ఒక్క మనిషితో మాట్లాడే దారి కూడా దొరకలేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల తేదీలు ఆ మెసేజ్‌లలో ఉన్నాయి. ఒక కుటుంబం కార్యక్రమానికి వెళ్లలేకపోయాను, ఎందుకంటే ఏ రోజో నాకు గుర్తులేదు, వాళ్ల నంబరు నా దగ్గర లేదు. వాళ్లు ఏడ్చారని తర్వాత తెలిసింది.

దయచేసి మీరంతా ఇవాళే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. పేజీకి మీతో పాటు మీరు పూర్తిగా నమ్మే ఇంకో మనిషిని కూడా అడ్మిన్‌గా పెట్టండి. ప్లాట్‌ఫామ్ ఏదైనా మెసేజ్‌లో లింకు పంపి పాస్‌వర్డ్ అడగదు. కస్టమర్ పేరు, నంబరు మీ పుస్తకంలోకి ఎక్కాకే ఆర్డర్ ఖాయమైనట్టు లెక్క.

మొక్కల_మాలతి:
చదువుతుంటే గుండె బరువెక్కింది. ఇప్పుడే రెండు ఖాతాలకీ పెట్టేశాను.

పంపుల_బాబాయ్:
మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పా. మూసేసిన పేజీకి కూడా పెట్టమన్నా.

లెక్కల_మాస్టారు:
కెమెరా_కన్ను గారి ఖాతాని దొంగలు తీసుకున్నారు. ఒక్కోసారి ప్లాట్‌ఫామే ఉండదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూసేశారు. చిన్న వీడియోల యాప్ వైన్ 2017 జనవరిలో ఆగిపోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో సామాన్య వినియోగదారులకి పోయింది. వాటి మీద ఏళ్ల తరబడి జనాన్ని కూడగట్టుకున్నవాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటల పాటు పనిచేయలేదు గుర్తుందా, మూడింటి మీదా ఆధారపడినవాళ్లకి ఆ ఆరు గంటలు ఫోన్ పట్టుకుని చూడడం తప్ప చేయడానికేమీ లేదు.

కొత్తగా_వచ్చా:
నేను ఇంకా మొదలుపెట్టలేదు, వచ్చే నెల పెడదామనుకుంటున్నా. మొదట్లో పేజీ ఖాళీగా కనిపిస్తే ఎవరూ నమ్మరు కదా, ఐదు వేల మంది ఫాలోవర్లని కొనుక్కుంటే ఎలా ఉంటుంది? ఒక సైట్‌లో చాలా చవగ్గా ఇస్తున్నారు.

రాత్రిపక్షి:
వద్దు తమ్ముడూ, వద్దే వద్దు. నా దగ్గరికి వచ్చే పాడైపోయిన పేజీల్లో ఎక్కువ ఇలాంటివే. మీరు పోస్టు పెట్టగానే ప్లాట్‌ఫామ్ ముందు కొద్దిమంది ఫాలోవర్లకి చూపించి వాళ్లేం చేస్తారో గమనిస్తుంది. ఆ కొద్దిమందీ నకిలీ ఖాతాలైతే ఒక్కరూ కదలరు, అప్పుడు అసలైన మనుషులకి కూడా చూపించడం తగ్గించేస్తుంది. తర్వాత ప్రకటన ఇద్దామన్నా, ఫాలోవర్ల లాంటి వాళ్లని వెతికి చూపించు అంటే ఆ నకిలీల్లాంటి వాళ్లనే వెతుకుతుంది.

అచ్చుయంత్రం:
నేను "ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి, బహుమతి గెలుచుకోండి" అని ఒకసారి పెట్టా. ఫాలోవర్లు ఒక్క వారంలో రెట్టింపయ్యారు. అది కూడా ఇంచుమించు కొనుక్కున్నట్టే అయింది, వచ్చినవాళ్లంతా బహుమతి కోసం వచ్చారు, విజిటింగ్ కార్డులు ఎవరికీ అక్కర్లేదు.

మౌనంగా_చదివేదాన్ని:
ఇక్కడ ఎప్పుడూ రాయను, కొనేవాళ్ల వైపు నుంచి ఒక్క మాట చెప్పాలనిపించింది. నేను ఇలాంటి చిన్న పేజీల నుంచి చాలా కొంటాను, చిన్నవాళ్ల దగ్గర కొనడం నాకు ఇష్టం. కానీ "ధర కోసం మెసేజ్ చేయండి" అని ఉంటే ముందుకు వెళ్లను. మెసేజ్ చేస్తే వాళ్లు వెంటపడతారేమోనని మొహమాటం, ఎక్కువ చెబితే కాదనడం ఇబ్బంది. సైజు ఎంతో, లోపల ఎన్ని అరలున్నాయో, పంపడానికి ఎన్ని రోజులు పడుతుందో, బాగోలేకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో ఫొటో కింద ఉంటే అక్కడికక్కడే నిర్ణయం తీసుకుంటాను. పేజీలో ఆఖరి పోస్టు ఎప్పటిది అని కూడా చూస్తాను. ఆరు నెలల పాతదైతే వ్యాపారం నడుస్తోందో లేదోనని అనుమానం వస్తుంది. రోజూ పెట్టాలని మాత్రం నాకేమీ లేదు, అసలు రోజూ పెట్టేవాళ్లని నేను మ్యూట్ చేస్తాను.

సంచుల_సుజాత:
మౌనంగా గారూ, మీరు రాసింది చదివి నా పేజీ తెరిచి చూశా. ఐదు వందలకు పైగా పోస్టులు ఉన్నాయి, ఒక్కదాని కింద కూడా ధర లేదు. అన్నిటికీ "డీఎం చేయండి" అనే ఉంది. అలా పెడితే మెసేజ్‌లు పెరుగుతాయని ఎవరో వీడియోలో చెప్పారు. ఇన్నాళ్లూ ఎంతమంది చూసి వెనక్కి వెళ్లిపోయారో తలచుకుంటే చాలా బాధగా ఉంది.

మాస్టారు చెప్పినట్టు పాత కస్టమర్లని అడగడం మొదలుపెడతా. కెమెరా గారూ, మీ కథ చదివాక నంబర్లన్నీ పుస్తకంలోకి ఎక్కించా, రాత్రి పన్నెండయింది.

కెమెరా_కన్ను:
మంచి పని చేశారు. ఒక్క చిన్న విషయం, మీ కామెంట్లు పెట్టేవాళ్లు ఎవరో ఎప్పుడైనా చూశారా? "ఫినిషింగ్ అదిరింది" అని రాశారన్నారు మొదటి పోస్టులో. ఫినిషింగ్ అనే మాట కొనేవాళ్లు వాడరండి, కుట్టేవాళ్లు వాడతారు. నాకూ ఇలాగే అయింది, నా ఫొటోలకి లైకులు కొట్టేవాళ్లలో ముప్పావు వంతు వేరే ఫొటోగ్రాఫర్లే. నేను పెట్టే హ్యాష్‌ట్యాగులు లెన్సుల గురించీ లైటింగ్ గురించీ ఉండేవి, పెళ్లి కుదిరినవాళ్లు అవి ఎందుకు చూస్తారు?

సంచుల_సుజాత:
ఇది నాకు అసలు తట్టలేదు. ఇప్పుడే ఆఖరి పది పోస్టుల కింద కామెంట్లు పెట్టినవాళ్ల ఖాతాలు ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. ఎక్కువమంది టైలరింగ్ చేసేవాళ్లే! నేను పెట్టేవన్నీ జిప్ ఎలా కుట్టాను, అంచు ఎలా మడిచాను అనే వీడియోలే, ఎందుకంటే వాటికే లైకులు ఎక్కువ వస్తున్నాయి. లైకులు వస్తున్నాయని ఇంకా అవే చేశాను. కొనేవాళ్ల కోసం ఒక్కటీ చేయలేదు.

పంపుల_బాబాయ్:
అయితే వాళ్లకి కుట్టు నేర్పించి ఫీజు తీసుకో తల్లీ. తొమ్మిది వేల మంది శిష్యులు చేతిలో ఉండగా బ్యాగులు అమ్ముడుపోవడం లేదని బాధపడతావేం?

మొక్కల_మాలతి:
బాబాయ్ గారు పంపుల వ్యాపారంలో ఉండాల్సినవారు కాదు 😄 నవ్వు పక్కన పెడితే, ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. కటింగ్ కొలతల కాగితాలు, ఆన్‌లైన్ క్లాసు, ఏదో ఒకటి.

రాత్రిపక్షి:
ప్రకటనల్లో కూడా ఇదే పొరపాటు రోజూ చూస్తుంటా, కాస్త వివరంగా చెబుతా. చాలామంది పోస్టు కింద ఉండే "బూస్ట్" బటన్ నొక్కేసి ప్రకటన ఇచ్చామనుకుంటారు. అక్కడ అసలు ప్రశ్న ఏమిటంటే, మీకేం కావాలని ప్లాట్‌ఫామ్‌కి చెప్పారు అన్నది. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ) యాడ్స్ మేనేజర్‌లో లక్ష్యం ఎంచుకోమని అడుగుతుంది, జనానికి తెలియడం, ట్రాఫిక్ (లింకు నొక్కి రావడం), ఎంగేజ్‌మెంట్ (లైకులు, కామెంట్లు, మెసేజ్‌లు), లీడ్స్ (ఆసక్తి ఉన్నవాళ్ల వివరాలు), యాప్ ప్రచారం, సేల్స్ అని ఆరు ఉంటాయి. ఎంగేజ్‌మెంట్‌లో లైకులు, కామెంట్లు కావాలని పెడితే అలవాటుగా లైకులు కొట్టేవాళ్లని వెతికి మరీ చూపిస్తుంది. అడిగింది ఇచ్చింది, దాని తప్పేమీ లేదు. అమ్మకాలు కావాలంటే సేల్స్, మెసేజ్‌లు కావాలంటే మెసేజ్‌లు అని సరిగ్గా అడగాలి.

ఇంకోటి, కొద్ది బడ్జెట్‌ని ఏడెనిమిది ప్రకటనలకు పంచేస్తారు. ఎవరికి చూపించాలో ఆ యంత్రం నేర్చుకోవాలంటే ఒక్కో యాడ్ సెట్‌కి (ఒకే బడ్జెట్‌తో ఒకే రకం జనానికి చూపించే ప్రకటనల గుంపుకి) వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. చిన్న బడ్జెట్‌తో ఒకటే నడపండి. 2021లో ఐఫోన్లలో వేరే యాప్‌లలో, సైట్లలో మనం ఏం చేస్తున్నామో యాప్‌లు గమనించాలంటే ముందు అనుమతి అడగాలన్న నియమం యాపిల్ తెచ్చాక ఈ లెక్కలు ఇంకా మసకబారాయి. దానివల్ల 2022లో సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని మెటా తనే చెప్పింది. అందుకే మాస్టారి పుస్తకం లెక్కకి నేనూ ఓటేస్తున్నా. నా ప్రకటన చూపించే అంకెకీ కస్టమర్ పుస్తకంలోని అంకెకీ తేడా వస్తే నేను పుస్తకాన్నే నమ్ముతాను.

లెక్కల_మాస్టారు:
ప్రకటనలు నడిపే మనిషి నోట ఈ మాట వినడం సంతోషంగా ఉంది. ఇంకొక్క సంగతి కలుపుతా. మెటాలో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు గానీ, నొక్కకుండా చూసిన ఒక్క రోజులోపు గానీ కొంటే ఆ అమ్మకాన్ని ప్రకటన ఖాతాలో వేసుకుంటుంది. ఎలాగూ కొనబోయే పాత కస్టమర్ కంటికి అది ఒక్కసారి కనబడినా "మా వల్లే" అనే లెక్క వస్తుంది. కాబట్టి ఒక నెల ప్రకటన నడిపి, ఒక నెల ఆపి, మొత్తం అమ్మకాల్లో తేడా చూడండి.

కొత్తగా_వచ్చా:
ఫాలోవర్లని కొనే ఆలోచన మానుకున్నా. మరి మొదటి నెల నన్ను ఏం చేయమంటారు?

మొక్కల_మాలతి:
ముందు తెలిసినవాళ్లకి పది మందికి అమ్ము, వాళ్లు వాడుతున్న ఫొటోలు, వాళ్ల మాటలు అనుమతి తీసుకుని పెట్టు. ఖాళీ పేజీ నిండుతుంది, అబద్ధం లేకుండా. గూగుల్‌లో వ్యాపార ప్రొఫైల్ ఉచితంగా పెట్టుకోవచ్చు, కొన్నవాళ్లని అక్కడ రివ్యూ రాయమని అడుగు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ పెట్టుకో, ధరలతో సహా. అందులో బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ (ఒకేసారి చాలామందికి పంపేది) నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకని ఆర్డర్ ఇచ్చిన రోజే నంబరు సేవ్ చేసుకోమని అడగాలి. నెలకి ఒకటి రెండు మెసేజ్‌లకి మించొద్దు, రోజూ పంపితే బ్లాక్ చేస్తారు.

అచ్చుయంత్రం:
రీల్స్ చేస్తే పాటల సంగతి కూడా చూసుకో. బిజినెస్ ఖాతాలకి సినిమా పాటలన్నీ వాడుకునే హక్కు ఉండదు, వ్యాపారానికి అనుమతి ఉన్న సంగీతం వేరేగా ఉంటుంది. చాలామంది ఫోన్ సౌండ్ ఆపేసి చూస్తారు కాబట్టి చెప్పేది అక్షరాల్లో కూడా వెయ్యి.

పంపుల_బాబాయ్:
మీ అందరి మాటలు విని నిన్న మా అబ్బాయి, నేను ఒక వీడియో చేశాం. మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు రావడం లేదు, ఎందుకు అని. ఫుట్ వాల్వ్ ఎలా చూడాలో, గాలి ఎక్కడ పీలుస్తోందో నాలుగు నిమిషాల్లో చూపించా. కొత్త కస్టమర్ కోసం కాదు. ఫోన్లో అరగంట చెప్పే బదులు మెకానిక్కులకి లింకు పంపుతా. ఇవాళ ముగ్గురికి పంపా, ఇద్దరికి పని జరిగిపోయింది, మూడోవాడు ఫుట్ వాల్వ్ పంపమన్నాడు. మొదట్లో "రాలేదు" అని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోను, బేరింగుల ఫొటోల వల్ల రాలేదు. దీనివల్ల మాత్రం నాకు టైము మిగిలింది.

మొక్కల_మాలతి:
బాబాయ్ గారూ, లింకు ఇక్కడ పెట్టండి, మా తోటలో మోటారు కూడా అదే చేస్తోంది!

సంచుల_సుజాత:
పది రోజులైంది, ఏం జరిగిందో చెబుతా.

ఇంతవరకు కొన్నవాళ్లలో 34 మందికి ఫోన్ చేశాను. మొదట ఎలా తెలిసింది అని అడిగితే 21 మంది తెలిసినవాళ్ల చేతిలో బ్యాగు చూసి అడిగామన్నారు. ఎనిమిది మంది పేజీలోనే మొదట చూశారు. మిగతావాళ్లకి గుర్తులేదు. ఇది విన్నాక పేజీ మూసేయడమే నయం అనిపించింది. కానీ రెండో ప్రశ్న కూడా అడిగాను, డబ్బు పంపేముందు పేజీ చూశారా అని. ఆ 21 మందిలో 17 మంది చూశామన్నారు! ఒకామె ఏమందంటే, "ఊరూ పేరూ తెలియని మనిషికి ముందుగా డబ్బు ఎలా పంపాలి అనుకున్నా, మీ పేజీలో ఏడాది నుంచి ఉన్న ఫొటోలు, మీరు జనానికి ఇచ్చిన జవాబులు చదివి ధైర్యం వచ్చింది" అంది. నేను జ్వరంలో పెట్టిన ఆ పాత ఫొటో కింద ఒకరికి ఓపిగ్గా రాసిన జవాబు ఆమెకి గుర్తుంది. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చున్నా.

అంటే నా పేజీ కొత్తవాళ్లని తీసుకురావడం లేదు గానీ, ఇంకొకరు తీసుకొచ్చినవాళ్లని నిలబెడుతోంది. బ్యాగే నా ప్రకటన అని తేలింది. అందుకని ఇప్పుడు ప్రతి బ్యాగు లోపలి జేబులో పేజీ పేరున్న చిన్న గుడ్డ పట్టీ కుడుతున్నా, దానితో పాటు రెండు కార్డులు, కోడ్ వేసి. పోస్టులు వారానికి రెండు చాలనుకున్నా. పైన పిన్ చేసిన మూడు పోస్టుల్లో ధరలు, కొలతలు, వెనక్కి తీసుకునే పద్ధతి పెట్టాను. ఇది పెట్టిన నాలుగో రోజు ఒకరు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నేరుగా ఆర్డర్ ఇచ్చారు, ఇలా జరగడం ఇదే మొదటిసారి.

లెక్కల_మాస్టారు:
రెండో ప్రశ్న అడగాలని నాకు తోచలేదు, నేను మొదటి ప్రశ్నే చెప్పాను. అది అడగకపోయి ఉంటే తప్పు నిర్ణయం తీసుకునేవారు. ఇకమీదట నేను ఎవరికి చెప్పినా రెండూ చెబుతాను.

రాత్రిపక్షి:
సుజాత గారు, ఇప్పుడు ప్రకటన ఇచ్చినా ఫలితం వేరేగా ఉంటుంది. కానీ వెంటనే వద్దు. రెండు నెలలు ఆ కార్డుల కోడ్ లెక్క చూడండి.

కెమెరా_కన్ను:
ఆ కార్డు వెనక మీ ఫోన్ నంబరు కూడా వేయించండి. పేజీ పేరు ఒక్కటే వద్దు.

సంచుల_సుజాత:
అయ్యో, పేజీ పేరు ఒక్కటే వేయించా. అచ్చుయంత్రం గారూ, ఇంకో రెండు వందల కార్డులు కావాలి, మీకు మెసేజ్ పెడుతున్నా. కుట్టు నేర్చుకుంటారా అని పేజీలో అడిగాను, రాత్రికి నలభై మంది పేర్లిచ్చారు, నంబర్లతో సహా పుస్తకంలో రాసుకున్నా.

పంపుల_బాబాయ్:
చెప్పానా లేదా!